ఐర్లాండ్ పల్లెల్లో బట్ట ఇంట్లోనే ఎలా తయారుచేసేవాళ్లు?

ముఖ్యంగా రెండు రకాలండీ, ఉత్తరాన అల్‌స్టర్‌లో లినెన్, ఇంకా పడమటి పల్లెల్లో ఉన్ని. లినెన్ వచ్చేది మనం గింజలు తింటామే, ఆ అవిసె మొక్క నుంచే. దాన్ని కొయ్యరు, వేళ్లతో సహా పీకి మోపులు కట్టి నీటిగుంటలో వారం పది రోజులు నానేస్తారు, కాడ కుళ్లి నార వదులవుతుంది, కంపు మామూలుగా ఉండదు (గోగునార తీసినవాళ్లకి కొత్తేం కాదులెండి). తర్వాత ఎండబెట్టి, చితక్కొట్టి, ఇనుప పళ్ల దువ్వెనలో దువ్వి, ఆడవాళ్లు కాలితో తొక్కే రాట్నం మీద వడికేవాళ్లు, మగ్గం ఎక్కువగా మగవాళ్లది. 1796లో లినెన్ బోర్డు (లినెన్ పరిశ్రమని చూసుకునే సర్కారీ సంస్థ) పావు ఎకరం అవిసె వేసినవాళ్లకి రాట్నం, ఐదెకరాలు వేస్తే ఏకంగా మగ్గమే ఇచ్చింది, అలా అందుకున్నవాళ్ల లిస్టులో దాదాపు 60,000 పేర్లున్నాయి, వంశవృక్షాలు వెతికేవాళ్లు ఇప్పటికీ అదే తిరగేస్తుంటారు.

ఉన్నికి రంగు కావాలంటే రాళ్ల మీద పట్టే లైకెన్ గీకి దాంతో కలిపి ఉడకబెట్టేవాళ్లు, గోధుమరంగు వచ్చేది. నీలిమందుకైతే పులిసిన మూత్రం వాడేవాళ్లు, జోక్ కాదు. 1825 తర్వాత అవిసె నూలు మిల్లులొచ్చి లినెన్ వడకడం ఇళ్లల్లోంచి పోయింది, ఉన్ని పని మాత్రం వాయవ్య మూలనున్న డోనెగల్‌లో చాలాకాలం నిలబడింది, అక్కడి అర్డరా ఊరి దగ్గర చేతిమగ్గం ట్వీడ్ (ముతక ఉన్ని బట్ట) ఇప్పటికీ నేస్తున్నారు.