కంపెనీ చేతులు మారాక పోకెమాన్ గో ఇంకా ఆడాలా?

"బయట నడుస్తూ ఫోన్‌లో ఆడే పోకెమాన్ గోను సౌదీ డబ్బున్న స్కోప్లీ కంపెనీ కొనేసింది, ఇక దండుకోవడమే, మానేయాలా?" అని అడిగారు. నాకూ అదే టెన్షన్ ఉంది. అయినా మానలేదు.

మా నాన్నకు షుగర్ వచ్చాక డాక్టరు రోజూ నడవమన్నారు. ఒక్కడినే నడవలేనంటే ఆయన ఫోన్‌లో ఈ గేమ్ వేసిచ్చాను. ఇప్పుడు తెల్లారకముందే నన్ను లేపుతున్నది ఆయనే. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దాకా నడిచి, రోడ్డుకు ఈ పక్కన బెంచీ మీద కూర్చుంటారు. చెమట పట్టిన వేలిని లుంగీకి తుడుచుకుని అక్కడి స్టాప్‌ను, అంటే గేమ్ మ్యాప్‌లో వస్తువులిచ్చే చోటును, తిప్పుతారు. కూర్చున్న చోటికే అది అందుతోందంటే 80 మీటర్ల దూరం నుంచి కూడా తిప్పనిస్తున్నారు కాబట్టి. కరోనా టైంలో 40ని 80 చేశారు. 2021లో మళ్లీ తగ్గించబోతే ఆడేవాళ్లంతా గట్టిగా అడిగి నిలబెట్టుకున్నారు. నా ధైర్యం అదే.

పాత యజమాని నియాంటిక్ మాత్రం తక్కువ తిన్నదా? 2023 ఏప్రిల్‌లో దూరంగా జరిగే పోరులో ఉన్నచోటు నుంచే చేరనిచ్చే రిమోట్ రెయిడ్ పాస్‌ను 100 కాయిన్ల (గేమ్‌లోని నాణేల) నుంచి 195కి పెంచింది, రోజుకు ఐదే అని హద్దు పెట్టింది. అప్పుడు సౌదీ డబ్బు లేదు కదా!

భయం లేదని కాదు. నియాంటిక్ లాగే స్కోప్లీది కూడా అమెరికానే, కానీ 2023లో సౌదీ ప్రభుత్వ నిధికి చెందిన సావీ గేమ్స్ దాన్ని 490 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ స్కోప్లీ 2025లో 350 కోట్ల డాలర్లు పోసి నియాంటిక్ గేమ్స్ వ్యాపారాన్ని తీసుకుంది. అంత పెట్టినవాళ్లు రాబట్టుకోకుండా ఊరుకోరు. పోకెమాన్ హక్కులు మాత్రం ఇప్పటికీ జపాన్ వాళ్లవే. పేరు చెడితే వాళ్లకే నష్టం కాబట్టి ఒక కన్నేసి ఉంచుతారని నా ఆశ.

నాకు ఎక్కువ దిగులు లొకేషన్ గురించే. నాన్న రోజూ ఏ వేళకు ఎక్కడుంటారో ఆ గేమ్‌కు తెలుసు. అందుకే 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే' అని పర్మిషన్ మార్చి, గేమ్ మూసి ఉన్నా అడుగులు లెక్కపెట్టే అడ్వెంచర్ సింక్ తీసేశాను. గేమ్ మూసి ఫోన్ జేబులో పెట్టుకుంటే అడుగులు లెక్కకు రావు, నడిస్తే పగిలే గేమ్ గుడ్లు ఆలస్యంగా పగులుతాయి. పగలనివ్వండి.

ఇంకోటి, కాయిన్లు కొని దాచుకోకండి. ఇంతకుముందు నేను ఆడిన ఒక క్రికెట్ గేమ్‌ను వేరే కంపెనీ కొని, ఏడాదిలోపే సర్వర్లు మూసేసింది. నేను కొన్న 2,000 రూపాయల కార్డులు గాల్లో కలిసిపోయాయి.

ఆ 80 మీటర్లు తగ్గిస్తే మాత్రం నేనూ మానేస్తాను. బెంచీ దగ్గర నాన్నకు స్టాప్ అందకపోతే నాకు ఆ గేమ్‌తో పనిలేదు.