క్షమించమని పిల్లలకు చెప్పించే ముందు

తన డైరీని వాళ్ళ నాన్నగారు బంధువుల ముందు చదివి వినిపించినప్పటి నుంచి, ఎనిమిది నెలలుగా, తొమ్మిదో తరగతి చదువుతున్న మీ అమ్మాయి ఆయనతో మాట్లాడటం లేదనీ, బెంగళూరులో క్షమాపణ కౌన్సెలింగ్ ఇప్పిస్తే మారుతుందా అనీ అడిగారు.

మీరు వాడిన మాట దగ్గరే మొదలుపెడతాను. క్షమాపణ తప్పు చేసినవారు అడిగేది, క్షమ నొచ్చుకున్నవారు ఇచ్చేది. మా ఇంట్లో ఈ రెండింటినీ తారుమారు చేసుకుని చాలా కాలం పోగొట్టుకున్నాము.

మేము బెంగళూరులోనే, మారతహళ్ళిలో ఉంటాము. మా అమ్మాయిని ఆరో తరగతిలో ఆంధ్రాలోని ఒక రెసిడెన్షియల్ స్కూల్లో చేర్పించాము. ఆదివారం వచ్చే పది నిమిషాల ఫోనులో "నన్ను తీసుకెళ్ళిపో అమ్మా" అని అది ఏడ్చినప్పుడల్లా, "అలవాటైపోతుందిలే" అని పెట్టేసేదాన్ని. మూడేళ్ళ తరువాత తిరిగి తెచ్చుకుంటే, మాతో కలిసి అన్నం తినేది కాదు, రాత్రి రెండింటి దాకా నిద్రపోయేది కాదు. "కన్నవాళ్ళ మీద కోపమేమిటే, మర్చిపో" అని మా అమ్మ అనేది. అలా అన్న ప్రతిసారీ పిల్ల ఇంకాస్త బిగుసుకుపోయేది.

ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి దాదాపు ఆరు నెలలు, వారానికొకసారి వెళ్ళాము. తెలుగు వచ్చినవారే కావాలని పట్టుబట్టి వెతికాను. స్కూల్లో ఇంగ్లీషు, వీధిలో కన్నడం మాట్లాడే మా పిల్లకు ఏడుపు మాత్రం తెలుగులోనే వస్తుంది. మొదటి వారాల్లో ఆవిడ క్షమ అన్న మాటే ఎత్తలేదు. జరిగినదంతా చెప్పించారు, ఎవరికీ ఇవ్వనవసరం లేని ఉత్తరం రాయించారు.

అమెరికాలోని విస్కాన్సిన్–మాడిసన్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ ఎన్‌రైట్ రూపొందించిన పద్ధతిని అనుసరిస్తున్నానని తరువాత మాకు వివరించారు. అందులో నాలుగు దశలున్నాయి: లోపల దాచుకున్న కోపాన్ని గుర్తించడం, క్షమించాలో వద్దో తానే నిర్ణయించుకోవడం, తప్పు చేసిన మనిషిని ఆ ఒక్క తప్పుతోనే కొలవకుండా చూడటానికి ప్రయత్నించడం, పడిన బాధలోంచి తనకంటూ ఒక అర్థాన్ని వెతుక్కోవడం. తల్లిదండ్రుల ప్రేమ అందలేదని భావించే కాలేజీ విద్యార్థులపై ఆయన బృందం 1995లో ప్రచురించిన పరిశోధనలో, క్షమించాలన్న నిర్ణయం దాకా మాత్రమే నడిపించినవారి కంటే మొత్తం ప్రక్రియ గుండా వెళ్ళినవారికి ఎక్కువ మేలు జరిగిందట. అంటే పెద్దలు తొందరపెట్టి "సరే, క్షమించాను" అనిపిస్తే పిల్ల మనసు కుదుటపడదు. పైగా క్షమించడమంటే జరిగినది సరైనదేనని ఒప్పుకోవడమూ కాదు, మునుపటిలా కలిసిపోవడమూ కాదు.

మూడో నెలలో ఆవిడ మమ్మల్నిద్దరినీ విడిగా పిలిచి, "కానీ" అన్న మాట లేకుండా క్షమాపణ చెప్పగలరా అని అడిగారు. మావారు "నీ మంచికోసమే చేశాము, కానీ బాధపెట్టినందుకు సారీ" అన్నారు. పిల్ల లేచి వెళ్ళిపోయింది. కొన్ని వారాల తరువాత, ఆదివారాల్లో నువ్వు ఏడుస్తుంటే ఫోను పెట్టేశాను, అది తప్పు, అని మాత్రమే నేను చెప్పాను. "ఎందుకు పెట్టేశావు?" అని అడిగింది. వినలేకపోయాను అన్నాను. ఆ రాత్రి చాలాసేపు నా పక్కనే కూర్చుంది. క్షమించానని ఇప్పటికీ అనలేదు, నేనూ అడగలేదు. నిద్ర మాత్రం చాలావరకు కుదిరింది, రాత్రి భోజనం మాతోనే చేస్తుంది. వాళ్ళ నాన్నతో ఇంకా ముక్తసరిగానే మాట్లాడుతుంది.

ఇంట్లో కొట్టడం, వేధించడం వంటివేమైనా ఉంటే మాత్రం ముందు పిల్ల భద్రత చూడాలి, క్షమ ఊసే ఎత్తకూడదు. అలాంటప్పుడు పిల్లల సహాయం కోసం ఉన్న హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో పిల్లలకూ కౌమార వయసువారికీ ప్రత్యేక విభాగం ఉంది. ఎక్కడికి వెళ్ళాలో తేలనప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మీ విషయంలోనైతే, అమ్మాయి కంటే ముందు మీవారు ఒక్కరే రెండు మూడుసార్లు కౌన్సెలర్‌ను కలవడం మంచిదని నా అభిప్రాయం. ఆ డైరీ ఇంకా ఆయన దగ్గరే ఉంటే, ఈ రోజే దాన్ని అమ్మాయి చేతికి ఇచ్చేయమనండి.