నల్ల కాకతువ దొరికితే బిల్లు మన నెత్తిన పడుతుందా?

సందేహం: ఆస్ట్రేలియాలోని పెర్త్ వచ్చి నాలుగు నెలలైంది. మా వీధి చెట్ల మీద వాలే పెద్ద నల్ల చిలకల్లో ఒకటి రోడ్డు పక్కన పడి ఉంది. భయపడి వచ్చేశాను. ఇంటికి తెచ్చి చూసుకోవచ్చా? డాక్టరుకు ఎంతవుతుంది?

జవాబు: తమ్ముడూ, నీ అసలు ప్రశ్న చివరిదే కదా! కొత్తలో అందరం డాలరును రూపాయల్లోకి మార్చుకున్నాకే కదిలినవాళ్లం. దెబ్బతిన్న అడవి పక్షిని తీసుకెళ్తే మామూలుగా వెట్ క్లినిక్‌లు మన దగ్గర డబ్బు తీసుకోవు. ఫోన్లోనే అడిగేయ్, సిగ్గుపడకు. నువ్వు చెప్పిన నల్ల చిలకలు నల్ల కాకతువలే, వాటికి పెర్త్ జూ ఆసుపత్రిలో వైద్యం చేస్తారు. తర్వాత మార్టిన్ శివారులోని కారాకిన్ లాంటి కాకతువల సంరక్షణ కేంద్రంలో కోలుకుంటాయి. అడవి జంతువులకు సాయపడే వైల్డ్‌కేర్ హెల్ప్‌లైన్ నంబరు ఇప్పుడే ఫోన్లో వేసుకో, ఎక్కడికి తీసుకెళ్లాలో వాళ్లే చెబుతారు.

నువ్వు చూసింది బహుశా ఎర్రతోక రకం. ఇక్కడ కేప్ లైలాక్ అనేది మన తురకవేపే, దాని కాయలంటే వీటికి ప్రాణం. తల మీదా రెక్కల మీదా పసుపు చుక్కలుంటే ఆడదో పిల్లో. తోకలో తెల్ల పట్టీ ఉంటే కార్నబీ లేదా బాడిన్ అనే రకం, పై ముక్కు సన్నగా పొడుగ్గా ఉంటే బాడిన్. ఈ మూడూ (ఎర్రతోకలో ఇక్కడి ఉపజాతి) పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రపు నైరుతి మూలన తప్ప ఎక్కడా లేవు. కార్నబీ రెండు గుడ్లు పెట్టినా సాధారణంగా ఒక్క పిల్లే దక్కుతుంది. గూటికి సరిపడా తొర్ర పడాలంటే చెట్టుకు వందేళ్లు దాటాలి. అందుకే ఒక్క పెద్ద పక్షి పోయినా లోటు పూడదు.

పట్టుకునే పద్ధతి విను. హైవే అయితే దిగకు, ఫోన్ చెయ్. వీధిలో అయితే హజార్డ్ లైట్లు వేసి, మందపాటి పాత టవలు తల మీదుగా కప్పు. కళ్లకు చీకటైతే పెనుగులాట తగ్గుతుంది. మర్రి కాయల్ని చీల్చే ముక్కు అది, వేలు దొరికితే వదలదు. (మర్రి అంటే మన ఊడల మర్రి కాదు, యూకలిప్టస్‌కు దగ్గరి చుట్టమైన ఇక్కడి చెట్టు.) టవలు మీదుగానే తల వెనక, దవడలకు రెండు పక్కలా పట్టుకో. ఛాతీ మాత్రం నొక్కకు. పక్షికి మనలా ఊపిరి ఆడించే డయాఫ్రమ్ కండరం లేదు, ఛాతీ ఎముక కదిలితేనే ఊపిరి ఆడుతుంది. గట్టిగా హత్తుకుంటే చేతుల్లోనే పోతుంది.

అట్టపెట్టెలో పెడితే కొరికి బయటికొస్తుంది. గట్టి ప్లాస్టిక్ పిల్లి పెట్టె మేలు, సెకండ్‌హ్యాండ్‌ది చాలు. అడుగున టవలు పరిచి, గాలి ఆడేలా పైన దుప్పటి కప్పు. కార్లో పాటలు వద్దు.

మనవాళ్ల తప్పు ఇక్కడే మొదలవుతుంది: "అయ్యో పాపం" అని చెంచాతో నీళ్లు, పెరుగన్నం. శ్వాసనాళం ద్వారం నాలుక మొదట్లోనే ఉంటుంది. స్పృహ సరిగా లేనప్పుడు పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఏమీ పెట్టకు. "రాత్రికి ఉంచి చూద్దాం" అనుకోకు, బుద్ధిగా కూర్చుందంటే అది షాక్. ఎక్కడ దొరికిందో ఫోన్ మ్యాప్‌లో పిన్ వేసి స్క్రీన్‌షాట్ తీసుకో, నయమయ్యాక దాని గుంపు తిరిగే చోటే వదలాలి కదా. కార్నబీకి రెక్కలు బాగుండి కాళ్లు మాత్రం నిలవకపోతే ఆ సంగతి తప్పక చెప్పు. 2012 నుంచి వాటిలో కాళ్లు చచ్చుబడే జబ్బు కనిపిస్తోంది.

ఇంట్లో పెంచుకోవడం కుదరదు, లైసెన్సు కావాలి. నిబంధనలు ప్రభుత్వ సైట్‌లో చదువుకో.

ఈ పక్షులు వాన పడ్డాక రోడ్డు గుంటల్లో నీళ్లకు, వీట్‌బెల్ట్‌లో (గోధుమ పండే ప్రాంతం) లారీల నుంచి రాలిన గింజలకు దిగుతాయి. బరువైన పక్షి, లేవడానికి టైం పడుతుంది. ఒకటి లేచిందని యాక్సిలరేటర్ తొక్కకు, వెనక గుంపు ఉంటుంది. గుద్దితే కారు రిపేరుకు ఇన్సూరెన్స్ ఎక్సెస్ (మనం కట్టాల్సిన వాటా) ఎంతో నీకు తెలుసుగా, అది మాత్రం నీ జేబులోంచే.

పెరడుంటే వీటి తిండి కోసం తొలి వానలకు ఇక్కడి మొక్కలు బ్యాంక్సియా, హేకియా నాటు. కుండీలో పెరిగిన పెద్దది కొనకు, చిన్న ట్యూబ్ మొక్క చవక, వేరూ బాగా పడుతుంది. మన అలవాటు కొద్దీ డీఏపీ చల్లావంటే ఆకులు మాడి చస్తాయి. ఫాస్ఫరస్ వాటికి విషం.

పక్షిని చుట్టిన టవలు దానితో పాటే ఆసుపత్రి లోపలికి పోతుంది, తిరిగి రాదు. కొత్తది వాడకు.