హార్మోన్ల టెస్టులన్నీ నార్మల్, సీఏ-125 మాత్రం 86. నాకున్నది ఎండోమెట్రియోసిసేనా, లేక క్యాన్సరా?

మీకు 27 ఏళ్లు, పెళ్లి కాలేదు, స్కానింగ్‌లో ఎడమ అండాశయం మీద 4 సెంటీమీటర్ల చాక్లెట్ సిస్ట్ (ఎండోమెట్రియోసిస్ వల్ల పాత రక్తం నిండిన గడ్డ) కనపడింది, ఎఫ్ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ప్రొలాక్టిన్, థైరాయిడ్ అన్నీ బాగున్నాయి, సీఏ-125 అనే రక్తంలోని ప్రొటీన్ మాత్రం 86 అని రాశారు. హార్మోన్లు బాగుంటే ఇంత నొప్పి ఎందుకు, ఆ 86 క్యాన్సర్ వల్లేనా అని అడిగారు. నేను డాక్టర్‌ని కాను. పదకొండేళ్లుగా ఎండోమెట్రియోసిస్‌తో, అంటే గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బుతో, బతుకుతున్నదాన్ని. మీరు పడుతున్న టెన్షన్ నేనూ పడ్డాను కాబట్టి రాస్తున్నాను.

ముందు ఒక్క మాట చెప్పండి. ఆ రక్తం ఏ రోజున ఇచ్చారు? ఎఫ్ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ పీరియడ్స్ రెండో రోజో మూడో రోజో చేస్తారు. మళ్లీ మళ్లీ సూది ఎందుకని ల్యాబ్‌లో అదే రక్తంతో సీఏ-125 కూడా చేసేస్తారు. నాకు సరిగ్గా అదే జరిగింది. రెండో రోజు, నడుము నొప్పితో వంగిపోతూ వెళ్లి రక్తం ఇచ్చాను. సాయంత్రం ల్యాబ్ ముందు స్కూటీ మీద కూర్చుని కవరు చించితే 112 అని నల్లగా, పక్కన పైకి బాణం గుర్తు. 35 లోపు ఉండాలని కిందే అచ్చు వేసి ఉంది. ఫోన్‌లో వెతికితే అండాశయ క్యాన్సర్ అని వచ్చింది. ఆ రాత్రి ఇంట్లో ఎవరం అన్నం తినలేదు. తర్వాత చూసిన డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "డేట్‌లో ఉన్నప్పుడు ఇచ్చావా?" అనే. పీరియడ్స్ అయిపోయాక పది రోజులకు మళ్లీ చేయిస్తే 58 వచ్చింది.

నెలసరిలో ఈ అంకె దానంతటదే పెరుగుతుంది. ఎండోమెట్రియోసిస్‌లోనే కాదు, ఫైబ్రాయిడ్లు, అడినోమయోసిస్ (ఆ పొర గర్భసంచి కండరంలోకి చొచ్చుకుపోవడం), గర్భం తొలి నెలలు, పొత్తికడుపు ఇన్ఫెక్షన్, ఆఖరికి కడుపులో టీబీ ఉన్నా పెరుగుతుంది. మన వయసు వాళ్లలో అది పెరిగిందంటే చాలాసార్లు కారణం ఇలాంటిదే. అలాగని పక్కన పడేయమనడం లేదు. గడ్డ లోపల గట్టి భాగాలున్నాయా, కడుపులో నీరు చేరిందా అన్నది స్కాన్ చూసి గైనకాలజిస్టే చెప్పాలి. ఇంకో విషయం, సీఏ-125 నార్మల్‌గా వచ్చినా ఎండోమెట్రియోసిస్ లేదని కాదు. అందుకే యూరప్ సంతానోత్పత్తి వైద్యుల సంఘం ఈష్రే 2022 మార్గదర్శకాల్లో, ఈ జబ్బును తేల్చడానికి రక్తంలోని సూచికలను వాడవద్దని స్పష్టంగా చెప్పింది.

ఇక హార్మోన్లు. నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఇదే. మొదట చూపించుకున్న చోట రిపోర్టులు తిరగేసి, "అన్నీ నార్మలే కదమ్మా, స్ట్రెస్. పెళ్లయితే తగ్గిపోతుంది" అన్నారు. ఇంటికొచ్చాక అమ్మ ఎప్పటిలాగే వాము నీళ్లు కాచి ఇచ్చింది. నొప్పి ఓర్చుకోలేని పిల్లనేమో అని నాకే నా మీద అనుమానం వచ్చింది. అసలు సంగతి తర్వాత తెలిసింది. గర్భసంచి లోపలి పొర లాంటి కణజాలం బయట అంటుకుని పెరిగే చోట, ఆ మచ్చలు అరోమటేజ్ అనే ఎంజైమ్‌తో సొంతంగా ఈస్ట్రోజన్ తయారు చేసుకుంటాయి. ఆ ఈస్ట్రోజన్ వల్ల ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు పెరిగి నొప్పి, వాపు వస్తాయి. అవి తిరిగి ఇంకా ఈస్ట్రోజన్‌ను తయారు చేయిస్తాయి. దాన్ని అదుపు చేయాల్సిన ప్రొజెస్టరాన్ మాటను ఆ కణజాలం సరిగా వినదు. ఇదంతా అక్కడికక్కడే జరుగుతుంది, రక్తంలో కనపడదు. మున్సిపాలిటీ మీటరు చూసి పెరట్లో బోరు ఎంత తోడుతోందో చెప్పలేం కదా. మీ రిపోర్టు అబద్ధం కాదు, మీ నొప్పీ అబద్ధం కాదు.

మీరు ఏఎంహెచ్ (అండాశయంలో అండాల నిల్వ ఎంతుందో చూసే రక్త పరీక్ష) సంగతి రాయలేదు. ఆపరేషన్ మాట వస్తే అది ముందే చేయించుకోండి, ఇది నా గట్టి సలహా. నెలలో ఏ రోజైనా ఇవ్వొచ్చు. చాక్లెట్ సిస్ట్ తీసేటప్పుడు దాని గోడతో పాటు కొంత మంచి అండాశయం పొర కూడా వచ్చేస్తుంది. నాకు లాప్రోస్కోపీకి ముందు 2.4, ఆరు నెలల తర్వాత 1.3. మా డాక్టరమ్మ ముందే చెప్పారు కాబట్టి తట్టుకున్నాను. ఏఎంహెచ్ తగ్గితే పిల్లలు పుట్టరని కాదు, అది మిగిలిన అండాల లెక్క గురించే చెబుతుంది. అయినా పెళ్లి కాని అమ్మాయికి ఈ విషయం ఆపరేషన్ ముందు తెలియాలి. ఆపరేషన్ లేకుండా డయెనోజెస్ట్ లాంటి హార్మోన్ మాత్రతో చూడొచ్చా అని కూడా అడగండి. నేను ఆపరేషన్ తర్వాత రెండేళ్లు వాడాను. మొదటి మూడు నెలలు స్పాటింగ్‌తో విసిగిపోయాను, తర్వాత మాత్రం నెలనెలా సెలవు పెట్టడం ఆగింది.

బ్లీడింగ్ ఎక్కువైతే ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) కూడా చూపించుకోండి. నాకు హిమోగ్లోబిన్ 12 ఉండేది, అయినా రెండంతస్తులు ఎక్కితే ఆయాసం. ఫెరిటిన్ చూస్తే 8. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే టెస్టుకు ముందే డాక్టర్‌కు చెప్పండి, థైరాయిడ్ లాంటి కొన్ని రిపోర్టులను అవి తారుమారు చేస్తాయి.

పెళ్లి కాని వాళ్లకు మన దగ్గర ఎక్కువగా పొట్ట మీద నుంచే స్కాన్ చేస్తారు, అందులో లోతైన మచ్చలు దొరక్కపోవచ్చు. ఎంఆర్ఐ అవసరమా అని అడగండి. వెళ్లేటప్పుడు రిపోర్టుల కట్టతో పాటు ఒక కాగితం పట్టుకెళ్లండి: నొప్పి ఏ రోజు మొదలైంది, ఎన్ని మాత్రలు వేసుకున్నారు, విరేచనానికి వెళ్లేటప్పుడు నొప్పి ఉందా, ఎన్ని రోజులు ఆఫీసు మానేశారు. నాకు జబ్బు పేరు తెలిసింది 112 వల్ల కాదు, మూడు నెలలు క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో రాసుకున్న ఆ లెక్క వల్లే.