పంటు పొట్టలో వెల్డింగ్: కళ్లకు ఏం పెట్టుకోవాలి?

ప్రశ్న: మాస్టారూ, మాది సఖినేటిపల్లి. గోదావరి దాటించే ఇనప పంట్లకు మరమ్మతులు చేస్తుంటాను. డెక్కు మీద పని చేసిన రోజు బాగానే ఉంటుంది. పంటు పొట్టలోని అరల్లోకి దిగి 3.15 మి.మీ. వెల్డింగ్ రాడ్డు కొట్టిన రాత్రి మాత్రం కళ్లలో ఇసక పోసినట్టు ఉంటోంది. నా చేతి షీల్డులో 10 నంబరు నల్ల అద్దం ఉంది. ఇంకా నల్లటి 13 వేస్తే తగ్గుతుందా? వెలుగు పడగానే అద్దం దానంతటదే నల్లబడే ఆటోమేటిక్ హెల్మెట్ కొనమంటారా?

జవాబు: 13 వద్దు బాబూ. నూటపాతిక ఆంపియర్ల లోపు పనికి 10 చాలు. మరీ నల్లదైతే కరుగుతున్న చోటు కనపడక షీల్డు పక్కకు జరిపి చూస్తావు, అప్పుడే వెలుగు కళ్లకు కొడుతుంది.

నీకు కొడుతున్నది ముందు నుంచి కాదు, వెనక నుంచి. డెక్కు మీద వెలుగు గాలిలో కలిసిపోతుంది. అరలో నాలుగు రేకులకూ తగిలి, నీ చెవుల పక్కగా షీల్డు లోపలికి దూరుతుంది. నాకూ ఒకసారి ఇలాగే అయింది. నా వీపు వెనక ఇంకొకడు టాకాలు (చిన్న చిన్న వెల్డింగ్ అతుకులు) వేస్తున్నాడు, నేను పట్టించుకోలేదు. అర్ధరాత్రి లేచి కూర్చున్నాను. ఒకరు చనుబాలు చుక్కలు వేయమన్నారు, మా ఆవిడ బంగాళదుంప చక్రాలు కోసుకొచ్చింది. నువ్వు అవేవీ చేయకు. కళ్లు నలపకుండా చల్లటి తడిగుడ్డ వేసుకుని, పొద్దున్నే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లు. తిమ్మిరెక్కించే చుక్కలు సొంతంగా కొని వాడితే కంటి పొర మానదు.

తలకు పెట్టుకునే హెల్మెట్ కొను, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఆటోమేటిక్ అయితే నాలుగు సెన్సార్లది చూడు. రెండే ఉంటే ఏ గొట్టమో, నీ మోచెయ్యో అడ్డొచ్చి అద్దం నల్లబడదు. తల వెనక, మెడ మీద పడేలా తోలు ముసుగు కట్టించుకో. అసలు మందు అదే, ఖర్చూ తక్కువే. హెల్మెట్ లోపల, పక్కలకు రెక్కలున్న కళ్లజోడు ఉండాలి, స్లాగు (అతుకు మీద గట్టిపడిన పెంకు) కొట్టేటప్పుడు హెల్మెట్ ఎత్తుతావు కదా. కొనేముందు పెట్టుకుని అర మూతలోంచి దూరి చూడు, చాలా హెల్మెట్లు అక్కడే ఇరుక్కుంటాయి.

నువ్వు అడగలేదు గానీ, మూత తీయగానే దిగకు. నెలల తరబడి మూసిన ఇనప అరలో తుప్పే ఆక్సిజన్‌ను తినేస్తుంది. మీటరు పెట్టిస్తే 19.5 శాతం పైనే చూపించాలి. బ్లోయరు ఆడుతూ ఉండాలి, పైన ఒక మనిషి కూర్చోవాలి. ఉక్కగా ఉందని సిలిండరు ఆక్సిజన్ మాత్రం లోపలికి వదలకు. ఒక్క నిప్పురవ్వ పడితే చొక్కా భగ్గుమంటుంది.