నాన్న జ్వరం, ఇంటి వెనక తుప్పలు

మనుషుల ఆరోగ్యం, పశువులు, పరిసరాలు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయంటారు, ఎవరైనా స్వయంగా చూశారా అని ఒకరు అడిగారు. మా ఇంట్లో చూశాం.

మాది బొబ్బిలి దగ్గర పల్లె. మూడేళ్ల కిందట కార్తీకంలో నాన్నకి జ్వరం పట్టుకుంది. మలేరియా కాదు, డెంగీ కాదు. టైఫాయిడ్‌కి చేసే వైడల్ రక్తపరీక్షలో కాస్త ఎక్కువ చూపించిందని టైఫాయిడ్ అన్నారు. ఆరు రోజులు సూదులు పడ్డాయి. జ్వరం దిగలేదు సరికదా ఆయాసం మొదలైంది. విజయనగరం తీసుకెళ్లాం.

అక్కడ డాక్టరమ్మ రిపోర్టులు పక్కన పెట్టి, "ఆవులున్నాయా? గడ్డి ఎక్కడ కోస్తారు? ఇంటి చుట్టూ తుప్పలున్నాయా?" అని అడగడం మొదలెట్టారు. మనిషి ఆయాసపడుతుంటే ఆవుల గోలేంటని నాకు విసుగొచ్చింది. తర్వాత లుంగీ కొంచెం వదులు చేయించి, మొలతాడు పక్కకి జరిపారు. దాని కింద నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి అంచు, అచ్చం బీడీతో కాల్చినట్టు. నొప్పి లేదు, దురద లేదు. అందుకే నాన్న ఎవరికీ చెప్పలేదు.

స్క్రబ్ టైఫస్ అన్నారు, అంటే ఒక రకం నల్లి కుడితే వచ్చే జ్వరం. రక్తం పరీక్షకి పంపి, ఫలితం కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ అనే మందు మొదలెట్టారు. రెండో రోజుకి ఒళ్లు చల్లబడింది. దీని సూక్ష్మజీవి మన కణాల లోపల దాక్కుంటుందట. టైఫాయిడ్‌కి వాడే సెఫ్ట్రియాక్సోన్ లాంటి సూదులు దీనిమీద పనిచేయవు.

ఆవు గోమార్ల వల్లే వచ్చిందని, ఆవుని అమ్మేద్దామని అమ్మ కూర్చుంది. గోమారు కాదు. మిరపకి పట్టే ఎర్రనల్లికి దూరపు చుట్టం లాంటి ఒక నల్లి ఉంటుంది. దాని పిల్ల కంటికి ఆనదు. తుప్పల్లో, గట్ల గడ్డిలో ఉంటూ ఎలుకల మీద బతుకుతుంది, దారిలో మనిషి తగిలితే కుడుతుంది. బిగుతుగా ఉన్నచోట, అంటే మొలతాడు కింద, చంకల్లో, గజ్జల్లో ఎక్కువ. తల్లి నల్లి నుంచి గుడ్లకీ రోగం దిగుతుంది. మనిషి నుంచి మనిషికి మాత్రం అంటదు.

మరి ఎలుకలెందుకు పెరిగాయి? గడ్డికుప్ప గోడకి ఆనించి వేసింది మేమే. కనిపించిన పామునల్లా కొట్టిందీ, గుడ్లగూబ అరిస్తే అరిష్టమని తరిమిందీ మేమే. రెండూ ఎలుకల్ని తినేవే. మా పెరట్లో ఏ నల్లి ఎక్కడ కుట్టిందో ఎవరూ పరీక్షించలేదు గానీ, నాకు ఆ లెక్క సరిపోయింది.

తుప్పలు కొట్టించాం, కుప్ప దూరంగా మార్చాం. నాన్న ఫుల్ ప్యాంటుతో గడ్డికెళ్లి, రాగానే సబ్బుతో స్నానం చేస్తున్నారు. గట్టు మీద కునుకు తీయడం ఒక్కటే మానలేదు. ఆవు ఉంది. ఇంట్లో ఎవరికి ఒళ్లు వెచ్చబడినా అమ్మ థర్మామీటరు కంటే ముందు మొలతాడు జరిపి చూస్తోంది.