టెక్ సందేహాలు: అనుభవ పత్రాలకు బ్లాక్‌చెయిన్ భరోసా ఇస్తుందా?

ప్రశ్న: రుషికొండలోని ఒక ఐటీ సంస్థలో టెస్టింగ్ విభాగంలో పనిచేస్తున్నాను. లింక్డ్‌ఇన్‌లో లేని అనుభవాన్ని ఉన్నట్టు రాసుకునేవారి వల్ల నిజంగా పనిచేసినవారికి విలువ దక్కడం లేదు. పత్రాలను స్కాన్ చేసి పంపితే, రుసుము తీసుకుని బ్లాక్‌చెయిన్‌లో నమోదు చేస్తామని ఒక వెబ్‌సైట్ చెబుతోంది. చేయించుకోవచ్చా? (మధురవాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఆ రుసుము కట్టకండి. మీ ఆవేదన న్యాయమైనదే కానీ, దానికి ఆ వెబ్‌సైట్ చూపే మందు పనిచేయదు. బ్లాక్‌చెయిన్ అంటే అనేక కంప్యూటర్లలో ఒకేలా ఉండే, ఒకసారి రాసినదాన్ని మార్చడం దాదాపు అసాధ్యమైన ఉమ్మడి చిట్టా. నమోదైన తర్వాత పత్రం మారలేదని మాత్రమే అది రుజువు చేయగలదు. నమోదు నాటికే అందులో అబద్ధం ఉంటే, దానినీ అంతే భద్రంగా కాపాడుతుంది. మీరు పంపిన స్కాన్‌ను మూడో వ్యక్తి నమోదు చేసినంత మాత్రాన నియామకాలు చేసేవారికి కొత్తగా తెలిసేదేమీ ఉండదు.

పత్రాన్ని జారీ చేసిన సంస్థే దానిపై డిజిటల్ సంతకం చేసినప్పుడు సంగతి మారుతుంది. అమెరికాలోని ఎంఐటీ 2017లో కొందరు పట్టభద్రులకు బ్లాక్‌సర్ట్స్ అనే పద్ధతిలో డిజిటల్ పట్టాలు ఇచ్చింది. పట్టా విద్యార్థి దగ్గరే ఉంటుంది, దాని నుంచి గణించిన హ్యాష్ (పత్రానికి వేలిముద్ర లాంటి సంకేతం) ఆధారం మాత్రమే బిట్‌కాయిన్ బ్లాక్‌చెయిన్‌లో నమోదవుతుంది; పట్టాలో ఒక్క అక్షరం మార్చినా హ్యాష్ పూర్తిగా మారిపోతుంది కనుక మోసం వెంటనే బయటపడుతుంది. ఇలాంటి ధ్రువపత్రాలకు, వెబ్ ప్రమాణాలను రూపొందించే అంతర్జాతీయ సంస్థ డబ్ల్యూ3సీ 2019లోనే ప్రమాణాన్ని ఖరారు చేసింది.

లింక్డ్‌ఇన్ వంటి వృత్తిపరమైన నెట్‌వర్క్‌లకు ఇది ఎక్కువగా ఉపకరించేది మూతపడిన సంస్థల విషయంలో అని నా అభిప్రాయం. విశాఖలో చిన్న స్టార్టప్‌లో రెండేళ్లు పనిచేసిన వ్యక్తి, ఆ సంస్థ కనుమరుగయ్యాక తన అనుభవాన్ని ధ్రువీకరించమని ఎవరిని అడగాలి? సంస్థ నడుస్తున్న కాలంలోనే సంతకం చేసిన పత్రం హ్యాష్ బ్లాక్‌చెయిన్‌లో తేదీతో సహా ఉంటే, సంతకపు కీ (డిజిటల్ సంతకం చేయడానికి వాడే రహస్య సంకేతం) తరువాత ఎవరి చేతికి చిక్కినా పాత తేదీతో కొత్త పత్రాన్ని పుట్టించలేరు. స్నేహితులు ఒకరికొకరు ఇచ్చుకునే సిఫారసుల నిజాయితీని మాత్రం ఏ సాంకేతికతా కొలవలేదు.

ప్రస్తుతానికి మీ విశ్వవిద్యాలయం జమచేసి ఉంటే డిగ్రీ పట్టాను డిజిలాకర్ నుంచి తీసుకోండి. అక్కడ జారీ అయిన పత్రాలకు అసలు పత్రాలతో సమానమైన చట్టబద్ధత ఉంది. రిలీవింగ్ లెటర్‌ను డిజిటల్ సంతకంతో ఇమ్మని మానవ వనరుల విభాగాన్ని అడగండి. మీ పీఎఫ్ ఖాతాలోని సర్వీస్ హిస్టరీలో చేరిన, మానిన తేదీలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి, ఎందుకంటే నేపథ్య పరిశీలనలో దానిని చూసే సంస్థలు చాలా ఉన్నాయి.

ప్రశ్న: బ్లాక్‌చెయిన్‌లో నా హోదా తప్పుగా నమోదైతే తొలగించవచ్చా? (గాజువాక నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: పబ్లిక్ బ్లాక్‌చెయిన్‌లో చేరిన దానిని మీరు తొలగించలేరు. జారీ చేసిన సంస్థ పాత పత్రాన్ని రద్దయినట్టు ప్రకటించి, సరిచేసిన దానిని మళ్లీ ఇవ్వాలి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమాచారాన్ని తొలగించమని కోరే హక్కును గుర్తించింది; చెరపలేని చోట పేరు, ఫోన్ నంబరు, జీతం వంటివి నేరుగా రాస్తే ఆ హక్కును అమలు చేయడం అసాధ్యమవుతుంది. అందువల్ల ఏ సేవలోనైనా చేరే ముందు, హ్యాష్ మాత్రమే నమోదు చేస్తారా, మొత్తం వివరాలా అన్నది రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.